మింగిన సున్న

2022 మార్చి 14, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు ఆయన నా ఎదుటి కుర్చీలో కూర్చుని, మాస్కును గడ్డం కిందికి లాగి, ఎండబెట్టిన పుల్ల ప్లమ్ పండొకటి ఎడమ బుగ్గన పెట్టుకుని, మాస్కు మళ్ళీ సర్దుకుని, "ఊఁ, రాసుకో అమ్మాయ్" అన్నారు. అప్పటికి నా వయసు నలభై ఏడేళ్ళ ఐదు నెలలు. నన్ను అమ్మాయ్ అని పిలిచినవారిలో చివరివారు మా నాన్నగారు. ఆయన పోయి అప్పటికే పదకొండేళ్ళయింది. ఆ ఖాళీని భర్తీ చేయమని నేను ఎవరినీ కోరలేదు.

ఈ వివరాలన్నీ ఆ ఏటి డైరీలో ఉన్నాయి. మూడేళ్ళ తరువాత దానిని మళ్ళీ తీయవలసి రావడానికి కారణం, ఈ నెల 11వ తేదీ శుక్రవారం ఉదయం ఏడూ నలభై రెండుకు సెంగ్‌కాంగ్ ఎల్ఆర్‌టీ రైలులో నిలబడి ఉండగా సింగపూరు తెలుగువారి వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఒక ఫోటో. ఫోటోకు దండ ఉంది. కింద పేరు చదవకముందే మనిషిని గుర్తుపట్టాను. ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. పోయిన మనిషికి దండ వేయడానికని ఇంటివాళ్ళు ఏరి తెచ్చిన ఫోటోలో సైతం ఆయన నోట్లో ప్లమ్ ఉంది. సాయంత్రానికి గ్రూపులో అరవై ముగ్గురు చేతులు జోడించారు. నేను జోడించలేదు.

మా ఆఫీసు సైన్స్ పార్క్‌లో. మా పని చెప్పుకోవడానికి విచిత్రంగా ఉంటుంది గాని చేయడానికి కాదు. రోమన్ల ఏలుబడిలో ఇంగ్లండ్ పల్లెల్లో ఎవరు ఎక్కడ కాపురమున్నారో పటం గీయాలి. గీయమన్నది ఆ దేశపు విశ్వవిద్యాలయం ఒకటి. గీసేది భూమధ్యరేఖ పక్కన, ఏసీ గదిలో, ఆ పల్లెలను ఎన్నడూ చూడని మేము. అక్కడ కొత్త రోడ్డు వేసే ముందు, గొట్టాలు పాతే ముందు నేలను తవ్వి చూస్తారు. తవ్విన చోట ఏమి కనిపించిందో నివేదిక రాస్తారు. ఏళ్ళ తరబడి పోగుపడిన ఆ నివేదికలు మాకు వచ్చాయి. ఒక్కొక్క నివేదిక మా పట్టికలో ఒక వరుస. ఒక్కొక్క వరుస పటం మీద ఒక గుర్తు.

వరుసలో అన్నిటికన్నా ముఖ్యమైన గడి గోడది. గోడ కర్రదైతే 1, మట్టిదైతే 2, సున్నం వేసి కట్టిన రాతి గోడ అయితే 3. గోడ జాడ లేకుండా కుండపెంకులు మాత్రమే దొరికితే 0. ఆ కాలపు పల్లెల్లో సున్నంతో ఇల్లు కట్టుకున్నవాడు ఆసామి. తక్కినవాళ్ళు చిన్న రైతులు, కూలీలు. అందుకని పటంలో సున్నపు ఇంటికి ఎర్ర చదరం పెట్టాం. కర్రకూ మట్టికీ గోధుమరంగు చుక్క. ఒట్టి పెంకులకు బూడిదరంగు చుక్క.

పాత టైపు కాగితాల స్కానింగులు మసకబారి ఉండటంతో యంత్రం వాటిని చదవలేకపోయింది. ఒకరు పైకి చదవాలి, ఒకరు కొట్టాలి. పాత నివేదికలు చదవగల మనిషని ఆయనను ఎవరో తీసుకువచ్చారు. ఎవరో, ఎక్కడినుంచో నేను అడగలేదు. మా మేనేజరు సింగపూరు చైనీయురాలు, నాకన్నా పదేళ్ళు చిన్నది. సిబ్బంది జాబితాలో మా ఇద్దరికీ మాతృభాష గడిలో ఒకే మాట ఉండటం చూసి సంబరపడింది. "యూ టూ సేమ్ లాంగ్వేజ్ వాట్! సో ఫాస్ట్ లా!" అంది. ఇక్కడి ఇంగ్లీషులో వాట్, లా మాట చివర తగిలించే తోకలు.

ఒకే భాష అన్నది ఆమె నమ్మకం. ఆయనది కృష్ణా జిల్లా. నేను మలేసియాలోని పెరాక్‌లో ఒక కొబ్బరితోట కూలీల లైన్ ఇళ్ళలో పుట్టాను. మా పెద్దలు విశాఖపట్నం వైపునుంచి ఓడ ఎక్కినప్పుడు వెంట తెచ్చుకున్న తెలుగు మా ఇంట్లో ఉండేది. దానిలో అరవమూ మలాయీ కలిశాయి. చదవడం, రాయడం మాత్రం తోట బడిలో మా నాన్నగారు బెత్తం పట్టుకుని నేర్పారు. నేను రాసే తెలుగు పుస్తకంలాగా, మాట్లాడే తెలుగు సంతలాగా ఉంటుందని ఆయన మొదటి రోజే ప్రకటించారు. ప్రకటన మధ్యాహ్నం పన్నెండున్నరకు జరిగింది. మర్యాద కొద్దీ నేను "మకాన్ అయిందా సార్?" అన్నాను. ఇక్కడ భోజనాన్ని అందరూ మకాన్ అనే అంటారు.

"మకామా? తంజోంగ్ పగార్‌లోనమ్మా. ఏం, వస్తావా?"

"తిన్నారా అని అడిగాను సార్."

"తిన్నారా అని అడగొచ్చుగా మరి! మీ తెలుగుని గాజుపెట్టెలో పెట్టి, కింద 'ముట్టుకోరాదు' అని బోర్డు కట్టాలమ్మాయ్."

ఈ మాట అన్న తరువాత ఆయన తన మాటకు తానే నవ్వారు. ప్లమ్ గొంతుకు అడ్డం పడి దగ్గారు. మరునాడు అదే మాటను కింది అంతస్తులో ఉన్న ఇద్దరు తెలుగు కుర్రవాళ్ళకు చెప్పి మళ్ళీ నవ్వారు, మళ్ళీ దగ్గారు.

చదివేటప్పుడు గడిలో పడవలసిన అంకె మాత్రమే చదవాలన్నది నియమం. ఆయన ఒప్పుకోలేదు. "అంకెలు చదవడానికి నేనేమన్నా హౌసీ ఆడిస్తున్నానా?" అన్నారు. వస్తువు పేరే చదువుతారు, అదీ తెలుగులో. "నాణేలు సున్నా, బావులు ఒకటి, తిరగళ్ళు రెండు, గోడ మట్టి." ఏమీ లేని గడి వస్తే ఒకసారి "లేదు", ఒకసారి "సున్నా", ఇంకొకసారి "గుండుసున్నా", ఉత్సాహంగా ఉన్న రోజున "హళ్ళికి హళ్ళి". ఒకే అర్థానికి నాలుగు మాటలు వాడేవాడికి భాష మీద అధికారం ఉందనుకుంటారు. పట్టిక నింపేవాళ్ళకు అది శిక్ష.

ఆ తొలిరోజున యాభై ఎనిమిది వరుసలు పూర్తయ్యాయి. రాత్రి డైరీలో రాసుకున్న చివరి రెండు వాక్యాలు ఇవి: "ఈయన సున్నను ఒకసారి సాగదీసి, ఒకసారి ముక్కుతో తుంచి అంటున్నారు. తేడా ఏమిటో అడగాలి." అడగాలి, చేయాలి, కొనాలి అని ముగిసే వాక్యాలను ఆ పని అయిపోగానే ఎర్ర గీతతో కొట్టివేయడం నా అలవాటు. ఏడాది చివర కొట్టివేయనివి ఎన్ని మిగిలాయో లెక్క వేస్తాను.

మరునాడు ఉదయం అడగడానికి నోరు తెరిచాను. గాజుపెట్టె గుర్తుకు వచ్చింది. తెలుగు మాట పలుకు గురించి ఆయనను అడగడమంటే ఇంకొక గాజుపెట్టె నేనే చేతికి అందించడం. మూసుకున్నాను.

ఆయన గురించి మంచిగా చెప్పగలిగినవి ఉన్నాయేమోనని డైరీ అంతా తిప్పాను. ఉన్నవి ఇవి. క్యాంటీన్‌లో చోటు పట్టుకోవడానికి ఇక్కడ అందరూ బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి వెళతారు. ఆయన మూడు పెట్టేవారు. "ఒకటి నాకు, ఒకటి నా సంచీకి, ఒకటి నా మర్యాదకి" అనేవారు. మార్చి 29న ఒక అమ్మాయి మూడవ పొట్లాన్ని పక్కకు జరిపి కూర్చుంది. ఆయన నూడిల్స్ గిన్నెతో వచ్చి ఆమె తల దగ్గర నిలబడి, "దట్ వన్ ఈజ్ మై రెస్పెక్ట్" అన్నారు.

ఆ అమ్మాయి పొట్లాన్ని తిప్పి చూసింది. "అంకుల్, దిస్ వన్ టిష్యూ ఓన్లీ లా."

ఆ ఒక్క రోజూ నేను కడుపునిండా భోజనం చేశాను.

రోమన్లను ఆయన "మనవాళ్ళు" అనేవారు. మన రేవులకు వచ్చి మిరియాలు కొనుక్కుపోయినవాళ్ళు కాబట్టి మనవాళ్ళేనట. చిన్నప్పుడు వాళ్ళ చేనులో దుక్కి దున్నుతుంటే ఆయనకు రోమన్ నాణెం ఒకటి దొరికిందట. ఆ నాణెం మార్చి 17న బంగారుది. ఏప్రిల్ 5న వెండిది. మే 30న రాగిది. ఇంకొక ఏడాది మా ఆఫీసులో ఉండి ఉంటే కుండపెంకు అయ్యేది. డైరీ తెరిచి తేదీలతో సహా ఈ తేడాను ఎత్తి చూపినప్పుడు ఆయన ఏమాత్రం తొణకలేదు. "తుడిచేకొద్దీ అసలు రంగు బయటపడుతుందమ్మా" అన్నారు.

బావి వచ్చిందంటే చదువు ఆగిపోయేది. "ఇరవై రెండు అడుగులు! చుట్టూ రాతి వరస! ఎవరు దిగి తవ్వుంటారమ్మా అంత లోతు, ఆ చలిలో?" నేను గడియారం చూసేదాన్ని. ఒక్కొక్క బావి దగ్గర సగటున నలభై సెకన్లు నష్టం. తిరగలి వస్తే ఇంకా ఎక్కువ. ఒక నివేదికలో తిరగలి పై రాయి మాత్రమే దొరికిందని ఉంది.

"కింది రాయి కోడలు పట్టుకుపోయుంటుంది. వేరు కాపరం."

"ఆ ఇంట్లో కోడలు ఉన్నట్టు నివేదికలో ఉందా సార్?"

"తిరగలుందిగా. తిరగలుంటే కోడలుండకేం?"

ఆధారాన్ని గురించి ఆయన అవగాహన ఇంతవరకే. ఇక గోడలంటే ఆయనకు బొత్తిగా పట్టదు. "గోడదేముందమ్మా, ఉన్నోడెవడైనా కడతాడు. నీళ్ళు ఎక్కడివో అది చెప్పమను" అనేవారు. గోడ గడి వరుసలో చివరిది. అక్కడికి వచ్చేసరికి ఆయన గొంతు దిగిపోయేది. మాస్కు వెనుక, ప్లమ్ గింజ పక్కనుంచి, పేజీ తిప్పే చప్పుడులో కలిసి ఆ మాట నా దాకా వచ్చేది. వచ్చినదానిని నేను కొట్టేదాన్ని.

ఏప్రిల్ 8, శుక్రవారం, ఆయన ప్లమ్ పొట్లం ఇంట్లో మరచి వచ్చారు. రోజంతా చిరాకుగా ఉన్నారు. ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఈ రోజు గింజలు లేవు. సున్నపు గోడలు ఆరు. గడచిన పందొమ్మిది రోజుల్లో ఒక్కటి కూడా రాలేదు. ఆ ప్రాంతం ధనవంతులది కాబోలు." సోమవారం పొట్లం వచ్చింది. సున్నపు గోడలు మళ్ళీ రాలేదు. కూడికలో ఒక అంకె తేడా వస్తే నిద్రపట్టని మనిషిని నేను. ఈ సంగతిని మాత్రం తేదీతో సహా రాసిపెట్టి, నిద్రపోయాను.

చదువు ఏప్రిల్ 22న ముగిసింది. గుడ్ ఫ్రైడే సెలవు తీసివేస్తే ఇరవై తొమ్మిది పనిదినాలు, వెయ్యిన్నీ తొమ్మిది వందల పద్నాలుగు వరుసలు, సగటున రోజుకు అరవై ఆరు. వరుసల సంఖ్య నివేదికల సంఖ్యతో సరిపోయింది. ఖాళీ గడి ఒక్కటీ లేదు. ఇంత శుభ్రమైన పట్టిక ఈ ఆఫీసులో ఇంతకు ముందు తయారు కాలేదని మేనేజరు అందరి ఎదుటా అంది. ఆ మాట కోసమే నేను అన్ని బావులను భరించాను. పటం మీద పనిచేసిన వాళ్ళ పేర్లు పుస్తకం వెనుక ధన్యవాదాల పుటలో వేస్తారు. అచ్చులో నా పేరు చూసుకోవాలన్నది నా కోరిక. దాచుకోవలసిన అవసరం నాకు కనబడదు. తోట లైన్లు కూల్చి పామాయిల్ చెట్లు వేశారు. మేము పుట్టిన చోటును ఏ పటంలోనూ చూపించలేను.

ఆగస్టు 16న మొదటి పటం పెద్ద కాగితం మీద అచ్చయి వచ్చింది. దేశమంతటా గోధుమరంగు, బూడిదరంగు చుక్కలు. ఒక్క మూల మాత్రం ఆరు ఎర్ర చదరాలు. అందరూ చూసి వెళ్ళిపోయిన తరువాత కూడా ఆయన బల్ల మీదికి వంగి ఉండిపోయారు.

"మిగతా డబ్బున్నోళ్ళంతా ఏమయ్యారమ్మా?"

"తవ్వినవాళ్ళని అడగండి సార్."

"కాదమ్మాయ్, ఏదో తేడాగా ఉంది. చదివినట్టు గుర్తుందే నాకు..."

"మీ నాణెంలాగానా?"

ఆయనకు నేను ఇచ్చిన జవాబులన్నిటిలో ఇది పదునైనది. ఆ రాత్రి దీని కింద గీత గీసుకున్నాను. ఆయన పటాన్ని చుట్టి, దారం కట్టి, మూల నిలబెట్టి వెళ్ళిపోయారు. అడిగినదాన్ని రెండవసారి అడిగే ఓపిక ఆయనకు ఏనాడూ లేదు.

అదే ప్రశ్నను అక్టోబరు మొదటి వారంలో విశ్వవిద్యాలయంవాళ్ళు అడిగారు. ఉత్తరం మర్యాదగానే ఉంది. ఆ దేశపు ఆసాములందరూ ఒకే మూలలో కాపురమున్నట్టు మీ పటం చెబుతోంది. తక్కిన చోట్ల మేమే తవ్విన సున్నపు గోడల ఇళ్ళు ఎక్కడికి పోయాయి? అక్టోబరు 5, బుధవారం, మధ్యాహ్నం మూడింటికి మేనేజరు మా ఇద్దరినీ చిన్న గదిలోకి పిలిచింది. అప్పటికి మాస్కులు పోయాయి. బల్ల మీద ఆ ఉత్తరం, పక్కన ఒక నివేదిక. నివేదికలో సున్నపు గోడ అని స్పష్టంగా ఉంది. పట్టికలో 0 ఉంది.

"హూ?" అంది మేనేజరు.

"ఐ రెడ్ సున్నం. లైమ్" అన్నారు ఆయన.

"ఐ హర్డ్ సున్నా. జీరో" అన్నాను నేను.

మేనేజరు రెండు మాటలనూ ఒకదాని వెంట ఒకటి అనమంది. ఆయన అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. "సేమ్ వాట్!"

అప్పుడు ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, రేడియోలో వార్తలు చదివేవాడిలా, పెదవులు రెండూ గట్టిగా మూసి మరీ "సున్-న-మ్" అన్నారు.

"ఓకే, నౌ డిఫరెంట్. బట్ దట్ టైమ్, యూ సే లైక్ దిస్ వన్, ఆర్ లైక్ జస్ట్ నౌ?"

నాకు అంతా అప్పుడే తెలిసింది. మా ఇంట్లో తమలపాకుకు రాసేదీ అరవపు సుణ్ణాంబే, గోడకు పూసేదీ సుణ్ణాంబే. సున్నం అనే మాటను నేను పుస్తకాలలో కంటితో చదివినదే తప్ప ఒకరి నోటినుంచి వింటూ పెరగలేదు. ఆయన నోట ఆ మాట చివరి అక్షరం ముక్కులోకి పోయి, నా చెవికి అంకెగా చేరింది. ముక్కుతో తుంచిన సున్న అని నేను మొదటి రోజే రాసుకున్నది దానినే. ఆ డైరీ నా ఒడిలో, సంచీలో ఉంది. జిప్పు తీసే ఉంది.

ఆయన నావైపు తిరిగి తెలుగులో అన్నారు: "ఎట్లా అన్నానో ఇప్పుడేం గుర్తుంటుందమ్మా? నువ్వు రోజూ డైరీ రాస్తావుగా. మొదటి రోజు ఏం రాసుకున్నావో తీసి చూడు. మాస్కులోంచి నా మాట నీకెట్లా వినపడిందో అందులో ఉంటుంది. తప్పు నాదైతే నాదేనంటాను."

"వాట్ హీ సే?" అని మేనేజరు నన్ను అడిగింది.

"హీ సేస్ హీ కెనాట్ రిమెంబర్" అన్నాను.

ఆయనకు ఇంగ్లీషు నాకన్నా బాగా వచ్చు. కాదని చెప్పడానికి గదిలో కావలసినంత సమయం ఉంది. గోడ గడియారంలో నేను ఇరవై సెకన్లు చూశాను. ఆయన జేబులోంచి పొట్లం తీసి, ఒక ప్లమ్ ఏరి, బుగ్గన పెట్టుకున్నారు. మేనేజరు ఏదో రాసుకుంది.

బయటికి వచ్చి లిఫ్టు కోసం నిలబడ్డాం. బాణం గుర్తు పైకి చూపిస్తోంది; మేము కిందికి వెళ్ళాలి.

"అనువాదం బాగుందమ్మా" అన్నారు ఆయన. "నేను మింగింది ఒక్క సున్న. నువ్వు వాక్యాలకి వాక్యాలే మింగావు."

లెక్క సరైనదే. సున్నకూ సున్నానికీ రాతలో ఉన్న తేడా చివరన ఉన్న ఆ ఒక్క సున్న. ఆయన నాతో అన్నవి ఐదు వాక్యాలు. నేను అందించింది ఒకటి. లిఫ్టు వచ్చింది. ఆయన ఎక్కలేదు. మెట్ల వైపు నడిచారు, ఆరు అంతస్తులు, బూట్లు ఈడ్చుకుంటూ. ఆ చప్పుడు ఎంత అసహ్యంగా ఉంటుందో అంతకు ముందు నాలుగు సార్లు రాసి ఉన్నాను.

మరునాటి నుంచి నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. పట్టికలో 0 ఉన్న ఎనిమిది వందల మూడు వరుసలనూ నివేదికలతో సరిచూశాను. పదకొండు పనిదినాలు పట్టింది. నూట ముప్పై ఏడు సున్నలు సున్నాలయ్యాయి. పటం మీద నూట ముప్పై ఏడు బూడిద చుక్కలు ఎర్ర చదరాలయ్యాయి. సరిచూస్తున్నప్పుడు బావులు ఎదురయ్యాయి. నా పని గోడ గడి మాత్రమే అయినా లోతులు కూడా చదివాను. ఎందుకు చదివానో రాసుకోలేదు. ఒక్కొక్కదానికి ఎంత సమయం పట్టిందీ రాసుకోలేదు.

ఏడాది చివరితో ముగిసే ఆయన ఒప్పందాన్ని పొడిగించలేదు. డిసెంబరు 30, శుక్రవారం, ఆయన చివరి రోజు. క్యాంటీన్‌లో కింది అంతస్తు కుర్రవాళ్ళు కేకు కోయించారు. నన్ను పిలిచారు, పని ఉందన్నాను. నాలుగూ పదికి నా బల్ల ముందుగా వెళుతూ ఆగి, "మకాన్ అయిందా అమ్మాయ్?" అన్నారు. ఎగతాళికి అన్నారో, మర్యాదకు అన్నారో ముఖం చూసి పోల్చుకోవడానికి నేను తల ఎత్తలేదు. "అయింది సార్" అన్నాను. ఆ తరువాత ఆయనను చూడలేదు. విజయవాడలో ఉన్నట్టు ఈ నెల 11న వచ్చిన ఫోటో కింద చదివే తెలిసింది.

పుస్తకం అచ్చయింది. ధన్యవాదాల పుటలో పద్నాలుగు పేర్లు ఉన్నాయి. నాది తొమ్మిదవది, అక్షరం తప్పు లేకుండా ఉంది. ఆయన మీద నా అభిప్రాయం మారలేదు. ఆయన డాంబికుడు, బద్ధకస్తుడు, నియమాన్ని లెక్కచేయనివాడు. చెప్పినట్టు అంకె చదివి ఉంటే ఏ గొడవా లేదు. పోయారు గనుక ఇందులో ఒక్క మాట కూడా తగ్గించను.

ఇక లెక్క. పోయినవి: నూట ముప్పై ఏడు ఇళ్ళు, ఐదు నెలల పదమూడు రోజులపాటు, అన్నీ దొరికాయి. తెలుగు వాక్యాలు నాలుగు. వాటి అర్థం తెలిసినవాళ్ళు ఇద్దరు, ఇప్పుడు ఒకరు. పదిహేనవదిగా ఉండవలసిన ఆయన పేరు ఒకటి, దొరకలేదు. ఉన్నవి: పుస్తకం ఒక ప్రతి. 2022 డైరీ. అందులో మార్చి 14 కింద, ఎర్ర గీత పడని "అడగాలి" ఒకటి.

ఆ ఏడాది డిసెంబరు 31 పుటలో నా చేతివ్రాతతోనే "కొట్టివేయనివి: 0" అని ఉంది. ఇవాళ రెండుసార్లు వెనక్కు తిప్పి లెక్కించాను. ఆ సున్నను కొట్టివేసి, పక్కన 1 వేశాను.